పాతర మీద కారు

మా ముత్తాత పల్లకీలో తిరిగిన మనిషి. గురజాల తాలూకాలో ఆయన పల్లకి ఎదురైతే గుర్రం మీద ఉన్నవాడు దిగి పక్కన నిలబడేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా ఊరి మీదుగా గుర్రాల మీద అసలెవరు వెళ్ళేవారో నేనెప్పుడూ అడగలేదు, అడగకూడని ప్రశ్నలు మా ఇంట్లో చాలా ఉండేవి. ఆయన కొడుకు, మా తాత, ఊరికి మునసబు. తగవులు మా అరుగు మీదే తీరేవి. ఓడినవాడు కూడా మా ఇంటి మజ్జిగ తాగి గాని గుమ్మం దిగకూడదని నియమం. ఆయన పల్లకి అటకెక్కించి విలాయతీ కారు కొన్నాడు. మా నాన్న ఆ కారుకి డ్రైవర్ని పెట్టి, తాను వెనక సీట్లో కూర్చుని, మా పొలాలు ఒక్కొక్కటే పరాయివవుతుంటే కిటికీలోంచి హుందాగా చూస్తూ వెళ్ళాడు. ఆ తరవాతి వాణ్ణి నేను. నా చేతికి వచ్చేసరికి మిగిలినవి ఆ కారు, ఆ ఇల్లు, వంగడం రాని ఒక వెన్ను.

ఇంకొకటి కూడా మిగిలింది. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పెళ్ళికొడుకు ఊరేగింపు మా సావిట్లో మొదలవ్వాలి. ముత్తాత నాటినుంచీ అది ఆచారం. మొదట్లో మా పల్లకి వెళ్ళేది, తరవాత మా కారు. దానికి మేం అద్దె పుచ్చుకునేవాళ్ళం కాదు. పెళ్ళివారి పెద్ద మేళంతో మా సావిట్లోకి వచ్చి, మొదటి తాంబూలం మా ఇంటి పెద్ద చేతిలో పెట్టాలి. ఆ తరవాత ఊళ్ళో ఎవరికిచ్చినా అది రెండోదే. భూములు పోయాయి, మునసబుగిరీ పోయింది, ఆ తమలపాకుల మొదటి వరస మాత్రం మా ఇంటిని వదల్లేదు. మా అమ్మ దృష్టిలో మిగతావన్నీ పోయినా లెక్కలేదు, ఇది పోతే ఇక మేం అందరిలాంటివాళ్ళమే.

మా సావిడంటే వీధి గుమ్మం లోపల, పల్లకి దించడానికి కట్టిన పెద్ద వసారా. నేలంతా మాచర్ల వైపు నుంచి తెప్పించిన నాపరాళ్ళు. ఆ రాళ్ళ కింద మా పాతర ఉండేది. జొన్నలు దాచడానికి భూమిలో తవ్విన గొయ్యి అది. పైన మనిషి దిగేంత మూతి, లోపల కడవలా వెడల్పు. మా తాత హయాంలో అది అంచులదాకా నిండి ఉండేదట. కరువు నెలల్లో ఊరు ఊరంతా గంపలు పట్టుకుని వచ్చేది. మా నాన్న హయాంలో పాతర అడుగు కనిపించింది. కాని ఆ సంగతి ఊరికి కనిపించకూడదు. అందుకని ఆయన పాతర మూతి మీది రాయిని కప్పేస్తూ కారు నిలబెట్టించాడు. ఎవరైనా గింజలు బదులడగడానికి వస్తే పాతర తీయాలంటే కారు తీయాలనేవాడు. కారు తీయాలంటే డ్రైవరు రావాలి. డ్రైవరు ఊరెళ్ళాడు. మా నాన్న అబద్ధమాడే మనిషి కాదు. డ్రైవరు నిజంగానే ఊరెళ్ళాడు, జీతం లేక.

పాతర ఖాళీ అని నాకు తెలుసు. మా అమ్మకి తెలియదనుకునేవాణ్ణి. ఆయన పోయాక కూడా పెళ్ళి ఊరేగింపులకి తప్ప కారుని ఆ చోటునుంచి కదపకుండా నిలబెట్టాను. కారు ముఖం ఎప్పుడూ వీధి వైపే ఉండాలి. పల్లకి కూడా అలాగే దించేవారట. మా ఇంటి వాహనం ఊరికి వీపు చూపించకూడదు.

సాగర్ కాలవలు తవ్వుతున్న రోజులవి. మా ఊరివాడొకాయన పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు పెట్టి బాగా పైకొచ్చాడు. ఆయన తండ్రి మా ఇంట పాలేరు. ఊళ్ళో అందరూ ఆయన్ని బట్టీల ఆయన అనేవారు. నేనూ అలాగే అనేవాణ్ణి, ‘ఆయన’ అన్న మాట దగ్గర కొంచెం గొంతు తగ్గించి. ఆ వేసవిలో ఆయన కొడుక్కి పెళ్ళి కుదిరింది. కారు అడగడానికి ఒకనాటి ఉదయం మా సావిట్లోకి వచ్చాడు. వచ్చినవాడు అడగాల్సిన మాట అడక్కుండా కారు వైపు తల పక్కకి వంచి చూస్తూ నిలబడ్డాడు.

“ఏంది బాబుగారూ, బండి ఎడం పక్కకి ఒరిగినట్టుంది?”

చూసే చోటు సరైంది కాదన్నాను. ఇటు వచ్చి చూడమన్నాను. ఆయన వచ్చి చూశాడు.

“ఇటునుంచీ ఒరిగే ఉందయ్యా.”

లారీల్లో రాయి ఎత్తించి ఎత్తించి ఆ కళ్ళకి ఒరుగు పట్టేయడం అలవాటైపోయినట్టుంది. నేనూ చూశాను. కనిపించలేదని చెప్పలేను. ముందు సంవత్సరం పెళ్ళిళ్ళకి తీసినప్పుడు కారు మా వెన్నులా నిటారుగానే ఉండేది. మధ్యలో ఒక వానాకాలం పోయింది. ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. కారుకీ వానకీ సంబంధమేమిటో ఆలోచించే అలవాటు నాకప్పుడు లేదు.

బట్టీల ఆయన మర్యాదగానే చెప్పాడు. ఊరేగింపు పగటిపూట పెట్టాడు. నరసరావుపేటనుంచి ఫోటోలాయన వస్తున్నాడు, గ్యాసు దీపాల వెలుతుర్లో ఫోటోలు సరిగ్గా రావట.

“ఒరిగిన బండి ఫోటోలో పడిందనుకోండి, ఇంక జన్మంతా ఒరిగే ఉంటది. మీ బండి సరిగ్గుంటే మీ బండే బాబుగారూ. లేదంటే చిలకలూరిపేట టాక్సీ ఒకటి చెప్పి పెట్టా. ఏం అనుకోమాకండి.”

ఆయన వెళ్ళాక తలుపు చాటునుంచి మా అమ్మ వచ్చింది. ఆమె విన్నది ఒక్కటే మాట.

“టాక్సీ వాడికిస్తాడంటనా మొదటి తాంబూలం?”

పెళ్ళికి వారం పైన గడువుంది. వీధి తలుపులు వేయించి పని మొదలుపెట్టాను. మా కారుకి జబ్బు చేసిందన్న సంగతి ఊళ్ళోకి పోకూడదు. గుంటూరు కాలేజీలో కొంతకాలం చదివాను కాబట్టి, ఏదైనా ఒక పద్ధతిలో ఆలోచిస్తే తేలుతుందన్న నమ్మకం నాకుండేది. కాలేజీ నాకిచ్చింది ఆ నమ్మకం ఒక్కటే, పట్టా ఇవ్వలేదు.

మొదట గాలి. ఎడం పక్క చక్రాల్లో గాలి తగ్గి ఉంటుందని చేతి పంపు తీసుకుని కొట్టాను. మా వంశంలో గాలి పంపు పట్టిన మొదటివాణ్ణి నేనే. మా అమ్మ గుమ్మం దగ్గర కాపలా. ఎవరైనా పిలిస్తే ఆమె దగ్గేది. నేను పంపు కారు కిందకి తోసి, పడక కుర్చీలో కూర్చుని పాత పేపరు విప్పేవాణ్ణి. అంత చెమటలేమిటని పక్కింటి పెదనాన్న వరసాయన అడిగితే పేపర్లో వార్తలు అలా ఉన్నాయన్నాను. ఎడం చక్రాలు రాయిలా బిగిశాయి. కారు ఒరుగు ఒరుగుగానే ఉంది.

తరవాత టైర్లు. ఎడమవి కుడికి, కుడివి ఎడమకి మార్చాను. చేతులు బొబ్బలెక్కాయి, కారు మారలేదు.

బరువేదైనా ఒక పక్కన ఉందేమోనని వెనక సీటు ఎత్తి చూశాను. ఎడం పక్కనే దొరికాయి, మా తాత తాంబూలం ఉమ్మిన ఇత్తడి తమ్మపడిగ ఒకటి, పెద్ద తాళాల గుత్తి ఒకటి. ఆ తాళంచెవులు ఏ కొట్లవో, ఆ కొట్లు ఇప్పుడు ఎవరివో మా ఇద్దరికీ తెలుసు కాబట్టి మాట్లాడుకోలేదు. మా అమ్మ గుత్తి తీసుకుని నడుముకి దోపుకుంది. ఆ పక్కకి ఆమె కొంచెం ఒరిగింది. కారు మాత్రం లేవలేదు.

ఇక మిగిలింది కింద ఉండే కమాను కట్టలు. విల్లులా వంచిన ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి చక్రానికీ బండికీ మధ్య బిగిస్తారు. బండి బరువంతా వాటి మీదే. వాటి పని నావల్ల కాదు. పిడుగురాళ్ళ వెళ్ళి ఒక లారీ షెడ్డులోంచి మేస్త్రీని తీసుకొచ్చాను. ఊరికేం చెప్పాలన్నది సమస్య. మా ఇంట్లో పచ్చకామెర్లకి ఆకు పసరు ఇవ్వడం తాతల నాటినుంచీ ఉంది. పసరు కోసం వచ్చిన మనిషని చెప్పాను. మేస్త్రీ చేతులు రోకళ్ళలా ఉండేవి, కంఠం వీధి చివరికి వినిపించేది. అరుగు మీద కూర్చున్న ఒకాయన అతన్ని పైకీ కిందకీ చూసి, “ఇంత కండున్నోడికి కామెర్లేందయ్యా?” అన్నాడు. లోపల ముదిరిందన్నాను.

మేస్త్రీకి తన మీద తనకి నాకున్నంత నమ్మకం. బండి కిందకి దూరి, బయటికి రాకముందే తేల్చేశాడు. ఎడం పక్క కమాన్లు చచ్చిపోయాయన్నాడు. పది టన్నుల రాయెత్తిన లారీలు లేపాను, దీన్ని లేపలేనా అన్నాడు. అయితే వెలుతురు చాలడం లేదు, బండిని అటు ముఖం ఇటు తిప్పి నిలబెడదామన్నాడు.

“మా బండి ఊరికి వీపు చూపించిన రోజు లేదు” అంది మా అమ్మ లోపలినుంచి.

పోనీ వీధిలోకి తోద్దాం, అక్కడైతే బీడీ అయినా కాల్చుకుంటానన్నాడు. అది నేనే వద్దన్నాను. మా వాహనం నడివీధిలో చక్రాలూడి పడుంటే, ఊరు చుట్టూ నిలబడి సలహాలివ్వడం నేను చూడలేను. తిప్పి ఉన్నా, తోసి ఉన్నా ఆ పూటే అంతా తేలిపోయేది. ఇప్పుడనుకుంటే మేం ఆ రెండు తలుపులూ చాలా జాగ్రత్తగా, చాలా గౌరవంగా మూసుకున్నాం.

మేస్త్రీ బోల్టులు విప్పేలోగా నాకొక ఆలోచన వచ్చింది. చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచుదాకా రెండు పక్కలా జానతో కొలిచాను. కమాను చచ్చిన పక్క ఆ దూరం తగ్గాలి గదా. రెండూ సమానంగా వచ్చాయి. మళ్ళీ కొలిచాను, మళ్ళీ సమానమే. కుడి పక్క కుడి చేత్తోనూ, ఎడం పక్క ఎడం చేత్తోనూ కొలిచాను కాబట్టి నా ఎడం జాన పొట్టిదై ఉంటుందని తేల్చుకున్నాను. కారు బాగానే ఉందేమో అన్న అనుమానం రాలేదు. నా చెయ్యి లోపమని ఒప్పుకోగలిగాను గాని, మా నేల లోపమని నాకు తట్టనైనా తట్టలేదు. మా సావిడి కంటే చదునైన చోటు పల్నాటిలో లేదన్నది మా ఇంట్లో ఎవరూ పరీక్షించని సత్యం.

కొలతల కంటే నమ్మకమైంది మా అమ్మ తెచ్చింది. ఇత్తడి కంచంలో అంచుదాకా నీళ్ళు పోసి వెనక సీటు చెక్క మీద పెట్టింది. నీళ్ళు ఎడం పక్కకి పొర్లాయి. మేస్త్రీ తొడ చరిచాడు.

“నీళ్ళు అబద్ధం చెప్పవయ్యా. జానకేం తెలుసు?”

అక్కడినుంచి మా ముగ్గురికీ ఆ కంచమే దేవుడు. ఎడం పక్క కమాను కట్టలు రెండూ ఊడదీసి గోనెల్లో చుట్టి మేస్త్రీతో పిడుగురాళ్ళ పంపాం. అక్కడ కొలిమిలో కాల్చి వంపు పెంచి, ఒక్కో కట్టకి లారీ పట్టీ ఒకటి అదనంగా వేసి తెచ్చాడు. బిగించాక కంచం పెడితే పొర్లడం సగానికి తగ్గింది. సంతోషించాం. మేస్త్రీ పట్టీల మధ్య చెక్క బిళ్ళలు కొట్టాడు. ఇంకొంచెం తగ్గింది. ఇంకా కొట్టాడు. చివరికి కంచంలో నీళ్ళు ఏ అంచుకీ మొగ్గకుండా అద్దంలా నిలబడ్డాయి. మా అమ్మ ఆ నీళ్ళవైపు కాసేపు చూసి, కళ్ళకద్దుకుని తులసి కోటలో పోసింది. మేస్త్రీకి పంచలు పెట్టాం. అతను వెళ్తూ, ఈ బండి ఇంక నా జన్మలో ఎడమకి ఒరగదన్నాడు. అన్నట్టే ఒరగలేదు.

పెళ్ళి ఉదయం జరిగింది. మధ్యాహ్నం ఎండ తగ్గుముఖం పట్టాక మేళం మా గుమ్మం ముందు ఆగింది. బట్టీల ఆయన పట్టు పంచెతో లోపలికి వచ్చాడు. వస్తూనే తల పక్కకి వంచి చూశాడు. ఇటు వచ్చి చూశాడు, వంగి చూశాడు. నేను ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాను.

“ఇప్పుడు గీత గీసినట్టుంది బాబుగారూ” అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు, ఆయనకీ సంతోషంగానే ఉంది. పళ్ళెంలోంచి తాంబూలం తీసి రెండు చేతులా నా చేతిలో పెట్టాడు. తలుపు వెనక మా అమ్మ గాజుల్లేని చేతులు తలుపు రెక్కని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ తాంబూలం లోపలికి పంపించి, నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. డ్రైవర్ని పెట్టుకోకుండా నేనే ఎందుకు నడుపుతానంటే, తాతగారి కారు ఇంకొకరి చేతికిచ్చే మనసు లేదని ఊరికి చెప్పి ఉన్నాను. ఊరు నమ్మినట్టు ఉండేది. ఆ మర్యాద ఊరికుంది.

వెనక పెళ్ళికొడుకూ అతని మేనమామా ఎక్కారు. కారు గుమ్మం దాటింది. ముందు చక్రాలు వీధిలో దిగాయి, తరవాత వెనక చక్రాలు. ఆ క్షణంలో నా ఒళ్ళు కుడి తలుపుకి ఆనుకుంది.

వీధి పక్కన మురుగు కాలవ ఉంది, అందుకని వాలు అనుకున్నాను. నెమ్మదిగా ఊరి చావడి ముందుకి వచ్చాం. అక్కడ నేల చదును. నా భుజం ఇంకా తలుపు మీదే ఉంది. వెనక మేనమామ గొంతు వినిపించింది.

“అల్లుడూ, నామీద ఒరగమాక, చొక్కా నలుగుద్ది.”

“నేను ఒరగట్లా మామా. బండే నన్ను వేస్తంది నీ మీద.”

రోడ్డు ఏటవాలని వెనక్కి తిరక్కుండా చెప్పాను. ఊరంతా అరుగుల మీద ఉంది. పగటి వెలుతురు, నాకు చెమటలు. ఒక ఇంటి ముందు ఒకావిడ ఇంకొకావిణ్ణి మోచేత్తో పొడిచింది. “ఏమే, బాబుగారి కారు ఇంట్లో ఒక తీరు, బజార్లో ఒక తీరంట” అనడం మేళం ఆగిన సందులో స్పష్టంగా వినపడింది. మేళంవాళ్ళు ఎప్పుడూ అలాంటి చోటే ఆపుతారు.

బస్సులు ఆగే చోటిదాకా వెళ్ళి వెనక్కి తిప్పాను. రోడ్డు నిజంగా ఏటవాలైతే తిరిగొచ్చేటప్పుడు కారు ఎడమకి ఒరగాలి. కాలేజీ చదువు అక్కడ పనికొచ్చింది. కారు కుడికే ఒరిగింది. రోడ్డు కూడా మాతో పాటు తిరిగి పడుకుందని చెప్పడానికి నాకే మొహం చెల్లలేదు.

ఫోటోలాయన మూడు కాళ్ళ స్టాండు పెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, తీసి, మళ్ళీ దూర్చాడు. కెమెరాని ఇటు వంచాడు, అటు వంచాడు. తరవాత బట్టీల ఆయన చెవిలో ఏదో చెప్పాడు. బట్టీల ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చి, పక్కవాళ్ళకి వినపడకుండా వంగాడు.

“పిల్లోడికి ఎండదెబ్బ కొట్టినట్టుంది బాబుగారూ. ఆడపెళ్ళివారిని తెచ్చిన టాక్సీ ఆడే ఉంది. దాంట్లో కూర్చోబెడతా.” కిటికీ అంచు మీద చెయ్యి వేసి అన్నాడు, “ఇచ్చిన తాంబూలం ఇచ్చిందే. అది మీదే.”

ఆయన నన్ను చిన్నబుచ్చాలని అనలేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

పెళ్ళికొడుకు దిగి టాక్సీ ఎక్కాడు. ఊరేగింపు కదిలింది. నాకు రెండు దారులున్నాయి. పక్క సందులోంచి ఇంటికి పోవడం ఒకటి. కాని ఊరేగింపులోంచి మా బండి మధ్యలో తప్పుకున్నదని ఎవరూ అనుకోకూడదు. అందుకని రెండో దారి పట్టాను. టాక్సీ వెనక, ఖాళీ కారుతో, కుడికి ఒరిగి, వెన్ను మాత్రం ఎడమకి నిటారుగా లాగి పెట్టి నడుపుకుంటూ వెళ్ళాను. ఎవరినీ ఊరేగించకుండా ఊరేగినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

టాక్సీ జోరు మేళానికి కుదరలేదు. వాళ్ళు వెనకబడి నా పక్కకి వచ్చారు. డోలు వాయించే ఆయన పెద్దవాడు, మంచి భారీ మనిషి. నా తాత రోజుల్లో కుర్రవాడుగా మా సావిట్లోనే వాయించాడు. నడుస్తూ కిటికీలోంచి అడిగాడు.

“అయ్యా, ఖాళీగానే పోతంది గదా. కాళ్ళు చానా లాగుతున్నయి.”

ఆ సీట్లో మా తాత కూర్చున్నాడు, నాన్న కూర్చున్నాడు, పెళ్ళికొడుకులు కూర్చున్నారు. మేళంవాళ్ళు ఎన్నడూ కూర్చోలేదు, ఎప్పుడూ ముందు నడిచారు. ఎక్కమన్నాను. గౌరవం కొద్దీ అన్నానో, ఖాళీ సీటు భరించలేక అన్నానో ఆరోజూ తెలీదు, ఇవాళా తెలీదు. వెనక కుడి తలుపు బిగుసుకుపోయి తెరుచుకోలేదు. డోలాయనా సన్నాయి ఆయనా ఎడం తలుపులోంచి ఎక్కి, డోలుతో సహా ఎడం పక్కనే సర్దుకున్నారు. కారు మూలిగి, మెల్లగా ఎడమకి దిగి, సరిగ్గా నిటారుగా నిలబడింది.

అరుగుల మీద వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. డోలాయన వాళ్ళవైపు చూసి, కారులోంచే డోలు అందుకున్నాడు. సన్నాయి కిటికీలోంచి బయటికి చాపి సన్నాయాయన అందుకున్నాడు. ఇక నవ్వు నాకూ ఆగలేదు గాని, మా ఇంటి మగవాళ్ళు వీధిలో నవ్వరు కాబట్టి దగ్గినట్టు నటించాను. ఫోటోలాయన వెనక్కి తిరిగి మమ్మల్ని ఒక ఫోటో తీశాడు. ఆ ఫోటో నా దగ్గర ఉంది. దాంట్లో కారు గీత గీసినట్టుంది.

ఇంటికొచ్చి, మేళంవాళ్ళని దించి, ఎప్పటిలా వెనక్కి నడిపి కారుని దాని చోట పెట్టాను. దిగి చూశాను. వెనక ఎవరూ లేరు. అయినా నిటారుగా ఉంది.

ఎట్టా జరిగిందని మా అమ్మ అడిగింది. బాగా జరిగిందన్నాను. అప్పటికే గోడ అవతలనుంచి ఆమెకి అంతా అందింది. అందినట్టు ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. అన్నం పెట్టింది. తింటూ ఉంటే నా కంచం పక్కన మంచినీళ్ళ చెంబుంది. దానివైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేని వేళ, కారుని ముందుకి తోశాను. కంచంలో నీళ్ళు పోసి ఉత్త నేల మీద పెట్టాను. నీళ్ళు ఎడం పక్కకి పొర్లి, రాళ్ళ సందుల్లోకి పోయి, కింద ఎక్కడో చప్పుడు చేశాయి. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి గునపం తెచ్చి ఇచ్చింది.

రాయి లేపాం. మూతి కింద వెడల్పయ్యే చోట పాతర భుజం ఆ వానలకి లోపలికి విరిగి పడింది. దాని మీది నాపరాళ్ళు ఎడం పక్కంతా బెత్తెడు కుంగాయి. నిండుగా జొన్నలుంటే విరిగేది కాదు, గింజ లోపలినుంచి గోడని కాసేది. అడుగున ఎండిన పొట్టూ, విరిగిన నిచ్చెన ముక్కా ఉన్నాయి. ఇద్దరం వంగి చూశాం. నేను ఆమె మొహం చూడకుండా అడిగాను.

“నీకు తెలుసా?”

“మీ నాయన ఉండంగానే తెలుసు. నీకు తెలీదనుకుని నోరు మూసుకున్నా.”

“నాకూ తెలుసు.”

“మరి ఎవరికిరా మనం దాచింది?” అంది. ఆ మాట అని, పక్కనే ఉన్న పడక కుర్చీలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె అంతలా నవ్వడం నేను చూసింది అప్పుడే. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని గునపం పట్టుకుని నిలబడ్డాను, ఏం చేయాలో తెలీక.

మొదటి తాంబూలం దేవుడి గూట్లో ఎండిపోయింది. మా అమ్మ దాన్ని తీయనివ్వలేదు. తరవాత ఊళ్ళో ఇంకో పెళ్ళయింది. ఎవరూ కారు అడగడానికి రాలేదు. ఆ పెళ్ళివారు తాంబూలాలు వీధి చివరినుంచి ఇంటి వరసన పంచుకుంటూ వచ్చారు. వరసలో మా ఇంటికీ ఒకటి వచ్చింది. నేను పుచ్చుకోనన్నాను. మా అమ్మ వెళ్ళి, తలుపు చాటునుంచి కాక ఎదురుగా నిలబడి, నా తరఫున చేటలో పెట్టించుకుంది. అరటిపండు బాగుందని నాకు సగం పెట్టింది. తిన్నాను.

ఆ శ్రావణంలో కారుని పిడుగురాళ్ళ లారీ షెడ్డుకి అమ్మేశాం. పాతర పూడ్చడానికి లేపిన నాపరాళ్ళు మళ్ళీ పరవలేదు. సావిట్లో రాళ్ళన్నీ బట్టీల ఆయన తన కొత్తింటి వసారాకి కొనుక్కున్నాడు.